బరోట్ లోయలో ట్రౌట్ వేట – ఆనకట్ట చెప్పే చరిత్ర

యోల్, పాలంపూర్, పఠాన్‌కోట్ ప్రాంతాల్లో పోస్టింగ్ చేసిన మన తెలుగువారిలో చాలామందికి బరోట్ పేరు తెలిసే ఉంటుంది. హిమాచల్ ప్రదేశ్ మండి జిల్లాలో, సుమారు 1,800 మీటర్ల ఎత్తున, దేవదారు చెట్ల మధ్య ఉహల్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. ఆ నదిలో ట్రౌట్ చేపలున్నాయి. వారం రోజుల సెలవు దొరికితే గాలం పట్టుకుని అక్కడికి వెళ్ళాలని సరదాపడే సోదరులు మన సంఘంలోనూ ఉన్నారు. అయితే ఉహల్ ఆనకట్ట అదుపులో ఉన్న నది. అలాంటి నదికి వెళ్ళేముందు దాని చరిత్ర తెలుసుకోవడం కాలక్షేపం కాదు, ప్రాణరక్షణ. అందుకే ఈ వ్యాసం.

సముద్రాలు దాటి వచ్చిన చేప

ట్రౌట్ మన దేశపు చేప కాదు. దానికి చల్లని, స్వచ్ఛమైన, వేగంగా పారే నీరు కావాలి. నీలగిరులలో ట్రౌట్‌ను పెంచాలని మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1860లలోనే ప్రయత్నించాడు కాని ఫలితం దక్కలేదు. కాశ్మీరుకు 1899లో ఇంగ్లండు నుంచి తెప్పించిన గుడ్లు దారిలోనే పాడయ్యాయి. మరుసటి ఏడు స్కాట్లండు నుంచి వచ్చినవి బతికాయి. శ్రీనగర్‌లో తివాచీల కర్మాగారం నడిపిన మిచెల్ అనే స్కాట్లండు దేశస్థుడు వాటిని పొదిగించి పెంచే పని భుజాన వేసుకున్నాడు.

అక్కడి నుంచి 1909లో కులూ లోయకు గుడ్లు చేరాయి. కులూలో అసిస్టెంట్ కమిషనర్‌గా ఉన్న హోవెల్ మహిలీ దగ్గర పొదుగు కేంద్రం పెట్టించి, బియాస్ నదిలోనూ దాని ఉపనదుల్లోనూ పిల్లల్ని వదిలించాడు. ఉహల్ కూడా బియాస్‌లో కలిసేదే. తరవాతి కాలంలో బరోట్‌లోనూ మత్స్యశాఖ ట్రౌట్ పొదుగు కేంద్రం వచ్చింది.

ఫ్లై ఫిషింగ్ అంటే ఎర గుచ్చి ఒడ్డున కూర్చోవడం కాదు. ఈకలు, దారం కలిపి పురుగులా కట్టిన చిన్న గాలాన్ని పొడవాటి కర్రతో నీటి మీదకు విసరాలి. చేప దాన్ని నిజమైన పురుగు అనుకుని అందుకోవాలి. ఇందుకోసం వేటగాడు మోకాలి లోతు నీళ్ళలో గంటల తరబడి నిలబడతాడు. చూపంతా గాలం మీదే, చెవుల నిండా నీటి హోరే. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరవాత చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

కల్నల్ బ్యాటీ కట్టించిన షానన్

ఉహల్ నీటిని కొండకు అవతల వైపు దింపి కరెంటు తీయవచ్చునన్న ఆలోచనను ఆచరణలో పెట్టింది ఒక సైనికాధికారి. ఆయన పంజాబు ప్రభుత్వ చీఫ్ ఇంజనీరు కల్నల్ బ్యాటీ. 1925లో మండి రాజు జోగీందర్ సేన్‌తో 99 ఏళ్ళ ఒప్పందం కుదిరింది. బరోట్ దగ్గర ఉహల్, లంబాడగ్ నదుల నీటిని మళ్ళించి, కొండలోంచి సొరంగం తవ్వి, అవతలి వాలున పెద్ద గొట్టాల ద్వారా షానన్ విద్యుత్ కేంద్రానికి దింపారు. కేంద్రం కింద ఉన్న సుక్రహట్టీ గ్రామం పేరు రాజుగారి పేరు మీద జోగీందర్‌నగర్ అయింది.

బరువైన యంత్రాలు మోయడానికే పఠాన్‌కోట్ నుంచి జోగీందర్‌నగర్ దాకా 164 కిలోమీటర్ల చిన్న రైలు మార్గం వేశారు. అది 1929లో పూర్తయింది. అక్కడి నుంచి నిట్టనిలువు కొండ మీదుగా బరోట్‌కు తాడు లాగే ట్రాలీలు నడిపారు. 1933లో షానన్ కేంద్రం 48 మెగావాట్లతో ప్రారంభమైంది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ రైలు మార్గంలో నగరోటా నుంచి జోగీందర్‌నగర్ వరకు పట్టాలు ఊడదీసి యుద్ధ అవసరాలకు పంపారు. మళ్ళీ వేసింది 1954లో. ఆ చిన్న రైల్లో ప్రయాణం చేసిన మనవాళ్ళలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

షానన్ సామర్థ్యం 1980లలో 110 మెగావాట్లకు పెరిగింది. లీజు 2024 మార్చిలో ముగిసింది. కేంద్రం ఎవరిదన్న విషయమై పంజాబ్, హిమాచల్ ప్రభుత్వాల తగాదా సుప్రీంకోర్టు గడప ఎక్కింది.

నది వేళలు మారాయి

ఆనకట్టలు లేని రోజుల్లో కొండ నది సూర్యుడి లెక్కన నడిచేది. ఎండకు మంచు కరిగితే మధ్యాహ్నం తరవాత నీరు పెరుగుతుంది, తెల్లవారుజామున తగ్గుతుంది. వాన పడితే మబ్బు కనిపిస్తుంది. చూసేవాడికి నది ముందే ఏదో ఒక గుర్తు చెప్పేది.

ఆనకట్ట వచ్చాక నది లెక్క కరెంటు లెక్క అయింది. ఎండాకాలపు నీరు చాలావరకు సొరంగంలోకి పోతుంది. కింద రాళ్ళు తేలి, నీటి గుంటలు మిగులుతాయి. చేపలు ఆ గుంటల్లో చేరతాయి, వేటగాడికి అది అనుకూలం. కాని ఎక్కడో దూరాన గ్రిడ్‌లో కరెంటు అవసరం తగ్గి ఉత్పత్తి ఆపమంటే, టర్బైన్లకు వెళ్ళని నీటిని గేట్ల గుండా వదలాలి. ఒండ్రు కడగడానికి కూడా గేట్లు ఎత్తుతారు. ఆకాశం నిర్మలంగా ఉండగానే వరద వస్తుంది. చేపకూ ఇది కీడే. చలికాలంలో గులకరాళ్ళ మధ్య పెట్టిన గుడ్లు నీరు తగ్గితే ఎండిపోతాయి, ఉధృతంగా వస్తే కొట్టుకుపోతాయి.

2014 జూన్ 8

ఈ మార్పు అర్థం ఏమిటో తెలుగువారికి తెలిసివచ్చిన రోజు అది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి ఆరు రోజులే అయింది. హైదరాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు మనాలీ వెళుతూ మండి జిల్లా థలౌట్ దగ్గర బస్సు ఆపి, బియాస్ నదిలో రాళ్ళ మీదకు ఫోటోల కోసం దిగారు. పైన లార్జీ ఆనకట్ట ఉంది. 126 మెగావాట్ల ఆ ప్రాజెక్టు 2006 నుంచి పనిచేస్తోంది. ఆ సాయంత్రం ఉత్పత్తి తగ్గించి గేట్లు తెరిచారు. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు.

సైన్యం, ఎన్.డి.ఆర్.ఎఫ్., ఐ.టి.బి.పి., ఎస్.ఎస్.బి. జవాన్లు, నౌకాదళ గజ ఈతగాళ్ళు కలిసి పండో జలాశయం దాకా వారాల తరబడి గాలించారు. హిమాచల్ ప్రభుత్వం జరిపించిన విచారణలో ప్రాజెక్టు సిబ్బంది నిర్లక్ష్యం బయటపడింది. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పునిచ్చింది. ఆ తల్లిదండ్రులకు అది ఏ పాటి ఊరట! ఆ పిల్లలు కొండ నదిని చూశారు, పైనున్న ఆనకట్టను చూడలేదు. దిగిన చోట అది కనిపించదు కూడా.

ప్రయాణం వేసుకునేటప్పుడు

మనం సర్వీసులో నేర్చుకున్నదే ఇక్కడా పనికొస్తుంది. ముందు రెక్కీ, ఆ తరవాతే కదలిక.

నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేట నిషేధం. అది గుడ్లు పెట్టే కాలం. మార్చి నుంచి మే వరకు, మళ్ళీ వానలు వెనకబట్టాక అక్టోబరులో అనుకూలం. జూన్‌లో మంచు నీరు, జూలై, ఆగస్టులలో వాన నీరు బురదగా వస్తాయి. మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు తీసుకునే చోటే నీటి విడుదల సంగతి కూడా అడగాలి. ఆనకట్ట సిబ్బందిని, ఊరి పెద్దలను వేరుగా అడిగి మూడు మాటలూ సరిపోయాయో లేదో చూసుకోవాలి. నిన్న నీరు రాలేదు కాబట్టి ఇవాళా రాదనుకోకూడదు.

నీళ్ళలో దిగే ముందు ఎక్కి బయటపడే దారి చూసుకోవాలి. నది మధ్య రాతి దిబ్బ మీద నిలబడకూడదు. చుట్టూ నీరు పెరిగితే అది ద్వీపమవుతుంది. ఒడ్డున ఒక రాయికి నీటి మట్టం గుర్తు పెట్టుకుని మాటిమాటికీ చూడాలి. నీరు రంగు మారినా, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినా, హోరు మారినా గాలం వదిలేసి పైకి ఎక్కాలి. సైరన్ కోసం ఆగవద్దు, నీటి హోరులో అది వినబడకపోవచ్చు. ఇద్దరు నీళ్ళలో ఉంటే ఒకరు ఒడ్డున పహరా ఉండాలి. ఆ ఒక్కరు ఎగువకే చూడాలి.

తీర్థన్ నది మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు వద్దని హిమాచల్ ప్రభుత్వం నిర్ణయించింది. కొత్తగా గాలం పట్టేవారు అక్కడ మొదలుపెట్టడం మంచిది. అక్కడా వాన వరద భయం ఉంటుంది కాని, గేటు భయం ఉండదు.

ఆనకట్టల భద్రతకు 2021లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. చట్టం తన పని తాను చేయాలి, మన జాగ్రత్త మనం పడాలి. మన పిల్లలు, వారి స్నేహితులు ఏటా కులూ, మనాలీ యాత్రలకు వెళుతూనే ఉన్నారు. హిమాచల్‌లో పనిచేసి ఆ నదుల తీరు కళ్ళారా చూసిన మనం, వారు బయలుదేరే ముందు ఈ నాలుగు మాటలూ కూర్చోబెట్టి చెబుదాం.