బుద్వేల్‌లో టవర్లు, శంషాబాద్‌లో ఫ్యాక్టరీ: ప్రజల అభిప్రాయం ఎక్కడ అడగాలి? ఎక్కడ అడగక్కర్లేదు?

బుద్వేల్‌లో సుమారు 100 ఎకరాలను హెచ్‌ఎండీఏ 2023 ఆగస్టులో వేలం వేసింది. రూ.3,625 కోట్లకు పైగా వచ్చాయి. 2024 మార్చిలో ఇక్కడికి దగ్గర్లోనే కొత్త హైకోర్టు భవనాలకు శంకుస్థాపన జరిగింది. దాని కోసం వ్యవసాయ, ఉద్యాన యూనివర్సిటీల భూమి 100 ఎకరాలు కేటాయించడంపై విద్యార్థులు నిరసన తెలిపారు. ఒకవైపు హిమాయత్ సాగర్, మరోవైపు ఎయిర్‌పోర్టు ఉన్న ప్రాంతమిది. ఇక్కడ ఏ పెద్ద నిర్మాణం మొదలైనా స్థానికులు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘మమ్మల్ని ఎవరైనా అడిగారా?’ చట్టం ప్రకారం కొన్నింటికి అడగాలి, చాలావాటికి అడగక్కర్లేదు.

పబ్లిక్ హియరింగ్ ఎప్పుడు తప్పనిసరి?

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం 2006 సెప్టెంబర్ 14న ఇచ్చిన ఈఐఏ నోటిఫికేషన్ దీనికి ఆధారం. గనులు, విద్యుత్ కేంద్రాలు, సిమెంట్, రసాయన పరిశ్రమల్లాంటివి పని మొదలుపెట్టే ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. వీటిలో చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. అది ఇలా జరగాలి:

- కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ఒక ప్రధాన జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పేపర్‌లో ప్రకటన ఇవ్వాలి.
- ముసాయిదా నివేదికను కలెక్టరేట్, జిల్లా పరిషత్, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఆఫీసుల్లో అందుబాటులో ఉంచాలి. దాని సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి.
- సభకు కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధిగా అదనపు జిల్లా మెజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి.
- వచ్చిన వాళ్లందరికీ ప్రశ్నలు అడిగే అవకాశం ఇవ్వాలి. చివర్లో మినిట్స్‌ను స్థానిక భాషలో చదివి వినిపించాలి.

సభకు కోరం లేదు. పదిమంది వచ్చినా జరిగినట్టే లెక్క. అక్కడ ప్రజలకు వీటో కూడా లేదు. ఎక్కువ మంది వద్దన్నంత మాత్రాన ప్రాజెక్టు ఆగదు. కానీ లేవనెత్తిన ప్రతి ముఖ్యమైన అభ్యంతరానికీ తుది నివేదికలో సమాధానం చెప్పాల్సిన బాధ్యత కంపెనీదే. అందుకే ‘మాకు ఫ్యాక్టరీ వద్దు’ అని ఊరుకోకుండా ‘వ్యర్థ జలాలు ఏ వాగులో కలుస్తాయి?’ అని అడిగితే ఎక్కువ ఉపయోగం.

మరి అపార్ట్‌మెంట్లు, ఐటీ టవర్లకు?

నగరవాసుల్లో చాలామందికి తెలియని విషయం ఇదే. నిర్మాణ ప్రాజెక్టులకు, టౌన్‌షిప్‌లకు ఈ నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. బిల్టప్ ఏరియా 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. దాన్ని రాష్ట్ర స్థాయి నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది. కానీ పక్క కాలనీ వాళ్లను పిలిచి అడగాల్సిన అవసరం లేదు. అంటే బుద్వేల్ లాంటి చోట ఎత్తైన టవర్లు వస్తున్నా, నీళ్లు, డ్రైనేజీ, ట్రాఫిక్ గురించి చుట్టుపక్కల వాళ్లు మాట్లాడే బహిరంగ సభ అంటూ ఉండదు.

అనుమతులకు గడువుంది

పెట్టుబడులు త్వరగా రావాలని తెలంగాణ 2014లో టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చింది. పెద్ద ప్రాజెక్టులకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులివ్వాలన్నది లక్ష్యం. భవనాల కోసం 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. సింగిల్ విండో దరఖాస్తుపై 21 రోజుల్లో నిర్ణయం రాకపోతే అనుమతి వచ్చినట్టే. ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గింది. ఉద్యోగాలకూ ఇది అవసరమే. అయితే ఆలస్యమైతే దరఖాస్తుదారుడికి లాభం చేకూరే ఏర్పాటు ఉంది, ప్రజల మాట వినకపోతే అనుమతి దానంతటదే ఆగిపోయే ఏర్పాటు లేదు. అసలు సమతూకం తప్పేది ఇక్కడే.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. రాష్ట్ర సింగిల్ విండోలో అనుమతి వచ్చినా, కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కావాల్సిన పర్యావరణ అనుమతి విడిగా తీసుకోవాల్సిందే.

జీవో 111 కథేంటి?

1908 మూసీ వరదల తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. వాటిని కాపాడేందుకు 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలపై ఆంక్షలు పెట్టింది.

శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె ఉత్పత్తుల పరిశ్రమకు 1997లో అప్పటి ప్రభుత్వం ఈ 10 కిలోమీటర్ల నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి అందుకు ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తాగునీటి వనరులకు ముప్పు ఉన్నచోట ఒక్క పరిశ్రమకు ఇలా మినహాయింపు ఇవ్వడం చెల్లదని 2000 డిసెంబర్ 1న కోర్టు తేల్చింది. హాని లేదని నిరూపించే బాధ్యత పరిశ్రమదేనన్న సూత్రాన్ని 1999లో ఇదే కేసులో వివరించింది.

2022 ఏప్రిల్ 12న జీవో 69 ద్వారా ప్రభుత్వం ఆంక్షలను సడలించింది. జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదని షరతు పెట్టింది. వివాదం హైకోర్టుకు చేరింది. ఇక్కడ ప్రజలకు అర్థం కావాల్సింది ఇది: 84 గ్రామాల భవిష్యత్తును మార్చే ఇలాంటి జీవోకు పబ్లిక్ హియరింగ్ జరపాలని 2006 నోటిఫికేషన్‌లో ఎక్కడా లేదు. ఒక ఫ్యాక్టరీకి ఉన్న నిబంధన మొత్తం ప్రాంతానికి వర్తించదు.

భూసేకరణ అయితే?

2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అంచనా చేయాలి, ప్రభావిత ప్రాంతంలో బహిరంగ విచారణ జరపాలి. అయితే కొన్ని రకాల ప్రాజెక్టులను దీని నుంచి మినహాయించే అధికారాన్ని తెలంగాణ తన సవరణ చట్టం ద్వారా తీసుకుంది. పైగా ప్రభుత్వ భూమిని వేలం వేస్తే ఈ చట్టం వర్తించదు.

మీరేం చేయొచ్చు?

- పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరుతో దరఖాస్తు, అనుమతి పత్రం, షరతులు చూడొచ్చు.
- హియరింగ్‌కు వెళ్లలేకపోతే, ప్రాజెక్టుతో సంబంధం ఉన్నవాళ్లు అభ్యంతరాలను రాతపూర్వకంగా పంపొచ్చు.
- మాస్టర్ ప్లాన్‌లో భూ వినియోగం మార్చేటప్పుడు హెచ్‌ఎండీఏ అభ్యంతరాలు కోరుతూ ప్రకటన ఇస్తుంది. టవర్ల విషయంలో ముందుగా దొరికే అవకాశం ఇదే.
- అనుమతి పొందిన సంస్థ ఆరు నెలలకోసారి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది అందుబాటులో లేకపోతే ఆర్టీఐ కింద అడగొచ్చు.
- పర్యావరణ అనుమతిపై అభ్యంతరం ఉంటే 30 రోజుల్లోగా చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీల్ చేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అనుమతిస్తారు. ఆ తర్వాత అప్పీల్‌కు అవకాశం ఉండదు.

గడువు దాటాక ఎంత బలమైన అభ్యంతరమైనా వినిపించడం కష్టం. అందుకే మీ ప్రాంతంలో ఖాళీ స్థలం చుట్టూ రేకులు కట్టిన రోజే అనుమతి పత్రం కోసం వెతకడం మొదలుపెట్టండి.