అమెరికాదేశమున దారిద్ర్య నివారణ శాసనములు



సిరిసంపదలకు అమెరికా పెట్టినది పేరని మనము చిరకాలముగా వినుచున్నాము. అట్టి దేశమునను ఆకలి యుండునా, దానిని తీర్చుటకు శాసనములు చేయవలసివచ్చెనా యని మీకు సందేహము కలుగవచ్చును. ఆకలియు నుండెను, శాసనములును పుట్టెను. వానిలో కొన్ని ఫలించినవి, కొన్ని చెడినవి. ఏది యెందువలన ఫలించెనో, ఏది యెందువలన చెడెనో విచారించుట నేటి ప్రసంగ విషయము.

1911వ సంవత్సరము మార్చి 25వ తేదీన న్యూయార్కు నగరమున స్త్రీల రవికెలు కుట్టు కర్మాగార మొకటి అగ్నికి ఆహుతియయ్యెను. బయటికి పోవు ద్వారమొకటి తాళము వేసియుండెను. 146 మంది మరణించిరి. వారిలో అధికభాగము పడుచులు. వీథిలో నిలిచి ఆ ఘోరమును చూచినవారిలో ఫ్రాన్సెస్ పెర్కిన్సు అను యువతి యొకర్తె. కర్మాగారముల భద్రతకై పాటుపడిన యామె 1933లో అమెరికా కార్మికశాఖకు మంత్రిణియయ్యెను. ఆ దేశపు మంత్రివర్గమున ప్రవేశించిన మొదటి స్త్రీ ఆమెయే.

అది గొప్ప కష్టకాలము. 1929లో న్యూయార్కు వాటాల బజారు కూలెను. 1933 నాటికి పనివారిలో నలుగురికి ఒకరు నిరుద్యోగులు. వేలకొలది బ్యాంకులు మూతపడి, ముసలివారు కూడబెట్టుకొన్న సొమ్ము మంటగలిసెను. వార్ధక్యమున మనుష్యునకు బిడ్డలే దిక్కు. వారును పనిలేక కూర్చుండిన, దిక్కెవ్వరు?

1935 ఆగస్టు 14వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు సాంఘిక భద్రతా శాసనముపై సంతకము చేసెను. దాని పద్ధతి తేలిక. పనివాడు తన జీతమున మొదట నూటికి 1 వంతు, యజమాని మరియొక వంతు నిధికి చెల్లింపవలెను. 65 ఏండ్లు నిండిన పిదప పని మానినవానికి నెలనెలకు భృతి లభించును. ఇది భిక్షము కాదు, తాను చెల్లించినదానికి ప్రతిఫలమని జనులు తలచిరి. కావుననే పుచ్చుకొనుటకు వారు సిగ్గుపడలేదు. రద్దుచేయుటకు ఏ ప్రభుత్వమును సాహసింపలేదు. 1940 జనవరిలో తొలి నెలభృతి వెర్మాంటు రాష్ట్రమున ఒక వృద్ధురాలికి అందెను. ఆమె నిధికి చెల్లించినది 24 డాలర్ల 75 సెంట్లు. మొదటి చెక్కు 22 డాలర్ల 54 సెంట్లు. ఆమె నూరేండ్లు జీవించి, 22 వేల డాలర్లకు పైగా పొందెను.

అయినను ఆ శాసనమున ఒక పెద్ద లోపము గలదు. పొలముపని చేయు కూలీలకును, ఇండ్లలో పాచిపని చేయువారికిని అందు చోటు లేకపోయెను. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారిలో పెక్కుమందికి ఈ రెండు పనులే జీవనాధారము. వారివద్ద వసూలు కష్టమని కొందరనిరి. కూలీలు తమ అదుపు తప్పుదురని భూస్వాములు భయపడిరని చరిత్రకారులలో కొందరందురు. 1950, 1954 సంవత్సరముల సవరణలవలన గాని వారిలో పెక్కుమందికి తలుపు తెరువబడలేదు.

1933 నాటి వ్యవసాయ శాసనపు కథ యింతకంటె చేదు. ధర పెరుగుటకై సాగు తగ్గించిన రైతులకు ప్రభుత్వము సొమ్మిచ్చెను. పత్తి ధర పెరిగినమాట నిజమే. కాని సొమ్ము చేరినది భూస్వామి చేతికి. పంటలో పాలుకు దున్ను బీదలకు వారి వంతు పలువురు ముట్టచెప్పలేదు. సాగు తగ్గినది గనుక మీరక్కరలేదని వేలకొలది కుటుంబములను వెడలగొట్టిరి. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడన్న సామెత ఇక్కడ అక్షరాల నిజమయ్యెను. 1934లో ఆర్కాన్సా రాష్ట్రమున తెల్లవారును నల్లవారును కలిసి కౌలుదార్ల సంఘము స్థాపించుకొనిరి.

నేను పంతులుగా నున్న దినములలో కోతల కాలము వచ్చిన సగము బడి ఖాళీయగుట చూచితిని. అందుచే బాలకార్మికుల సంగతి నా మనస్సునకు దగ్గరది. అమెరికాలో 1916లో చేసిన బాలకార్మిక శాసనమును 1918లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. 1938లో మరల శాసనము పుట్టెను: 16 ఏండ్లలోపు పిల్లలను కర్మాగారములలో పెట్టరాదు, గంటకు 25 సెంట్లకు తక్కువ కూలి యీయరాదు. 1941లో ఆ న్యాయస్థానమే దీనిని సమర్థించెను. ఈ నడుమ ఎందరి బాల్యము మిల్లులపాలయ్యెనో! ఇందును కనీసపు కూలి పొలముకూలీలకు వర్తింపలేదు.

1964 జనవరిలో అధ్యక్షుడు లిండన్ జాన్సను దారిద్ర్యముపై యుద్ధము ప్రకటించెను. ఈయన యౌవనమున టెక్సాసులోని కొటుల్లా అను చిన్న ఊర బీద మెక్సికను పిల్లలకు చదువు చెప్పినవాడు. 1965లో వృద్ధులకు మెడికేరు, బీదలకు మెడికెయిడు అను వైద్యసహాయములు ఏర్పడెను. 1964లో నూటికి 19 మంది దరిద్రులు కాగా, 1973 నాటికి 11 మందియైరి. దేశసంపద పెరుగుటయు ఇందుకొక కారణము. కాని వియత్నాము యుద్ధము ధనమును మ్రింగెను. దారిద్ర్యము తగ్గెనే గాని తొలగలేదు. వృద్ధుల విషయమున మాత్రము ఫలము స్పష్టము: 1959లో వారిలో మూడవవంతుకు మించి దరిద్రులు కాగా, తరువాతి దశాబ్దములలో ఆ సంఖ్య నూటికి 10 ప్రాంతమునకు దిగెను.

బీదతల్లులకిచ్చు సహాయము గతి వేరు. దానిని దానమని యెంచి, పుచ్చుకొనువారిని సోమరులని పలువురు నిందించిరి. 1996లో అధ్యక్షుడు క్లింటను కాలమున దానికి సాధారణముగా అయిదేండ్ల గడువు పెట్టిరి. కొందరు తల్లులకు పని దొరికెను. సహాయమును, పనియు రెండును లేక మిగిలినవారును గలరు.

అందరికిని చెందిన భృతిని అందరును కాపాడిరి. బీదలకే చెందినదానిని కాపాడువారు కరవైరి. పెద్దలారా! రేపు మీ రచ్చబండయొద్ద ఎవరైన క్రొత్త శాసనమును చదివి వినిపించినపుడు, దాని పేరును చూచి మురియక, రెండు ప్రశ్నలు వేయుడు. ఈ సొమ్ము ఎవరి చేతిమీదుగా వచ్చును? ఇందు ఎవరి పేరు వదలివేయబడినది? మాటాడుట చేతకాని కూలివాని పక్షమున ఆ రెండవ ప్రశ్న వేయవలసినవారు మీరే.