విడిపూలు, కాడపూలు: శాలిబండ నేపథ్యంలో పూల సాగు చరిత్ర – ఒక పరిశీలన

ప్రవేశిక

భారతదేశ పూల పరిశ్రమ చరిత్రను సాధారణంగా 1988 నాటి నూతన విత్తనాభివృద్ధి విధానంతోనూ, 1991 ఆర్థిక సరళీకరణతోనూ ప్రారంభిస్తారు. విత్తనాలు, మొక్కల దిగుమతికి వెసులుబాటు లభించడం, పాలీహౌస్‌లలో గులాబీ, జర్బెరా సాగు విస్తరించడం, ఎగుమతులపై దృష్టి పెరగడం ఈ కథనంలోని ప్రధాన ఘట్టాలు. హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండను ఆధారంగా చేసుకొని పరిశీలిస్తే ఈ కాలవిభజన అసమగ్రమని స్పష్టమవుతుంది.

తోటల నగరం

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించిన నగరంలోని ఉద్యానాలను 17వ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే వర్ణించాడు. రాజప్రాసాదపు మిద్దెలపై పెద్ద వృక్షాలు పెరగడం అతనికి ఆశ్చర్యం కలిగించింది. భాగ్‌నగర్ అనే పేరుకు మూలం ‘బాగ్‌నగర్’, అనగా తోటల నగరమని హరూన్ ఖాన్ షేర్వానీ వాదించాడు. ఈ వ్యుత్పత్తి వివాదాస్పదమే అయినా, జాంబాగ్, బషీర్‌బాగ్ వంటి స్థలనామాలు తోటల జ్ఞాపకాన్ని నిలుపుకొన్నాయి. అయితే అవి ప్రధానంగా పాలకుల, ప్రభువుల విహారస్థలాలు. స్థలనామం ఆధారంగా వాటిని విపణికి పూలు పండించిన క్షేత్రాలుగా నిర్ధారించలేము.

గుడి, దర్గా, పెళ్ళి

పూల వాణిజ్యానికి స్థిరమైన ఆధారం వినియోగంలో కనిపిస్తుంది. శాలిబండలోని మహంకాళి ఆలయాన్ని అబుల్ హసన్ తానీషా మంత్రులైన అక్కన్న, మాదన్నల పేర్లతో పిలుస్తారు. తానీషా గురువైన షా రాజు దర్గా ఇక్కడికి సమీపంలోనే ఉంది. అమ్మవారికి దండ, దర్గాకు పూల చాదర్, పెళ్ళికొడుకుకు సెహ్రా, ఆషాఢంలో బోనాల అలంకరణ: ఆచారాలు వేరైనా అవి కోరేది బంతి, చామంతి, గులాబీ, మల్లెలనే. మూరల లెక్కన మాల అమ్మే చిన్న దుకాణం ఈ భిన్న సంప్రదాయాలన్నింటికీ ఉమ్మడి ఆశ్రయం.

నగరం విస్తరించిన కొద్దీ తోటలు నివాసస్థలాలయ్యాయి. జాంబాగ్‌లో తోట పోయి పేరు మిగిలింది. అక్కడ దీర్ఘకాలం సాగిన పూల మార్కెట్టు కూడా గుడిమల్కాపూర్‌కు తరలింది. నేడు మొయినాబాద్, చేవెళ్ళ ప్రాంతాలతోపాటు కర్ణాటక నుంచి కూడా నగరానికి పూలు వస్తున్నాయి. సాగు దూరమైంది గాని వాడకం చెదరలేదు.

గణాంకాల పరిమితి

అధికారిక గణాంకాలు విడిపూలను టన్నులలోనూ, కట్ ఫ్లవర్స్‌గా పిలిచే కాడపూలను చాలాకాలం పాటు సంఖ్యలోనూ లెక్కించాయి. రెండు కొలమానాలను పోల్చడం కష్టం. పూల సాగు విస్తీర్ణంలో అధికభాగం విడిపూలదే అయినా, ‘పరిశ్రమ’ అన్న గౌరవం ఎక్కువగా కాడపూలకే దక్కింది. త్వరగా వాడిపోయే విడిపువ్వు ప్రధానంగా స్వదేశీ విపణికే పరిమితం కావడం ఇందుకు ఒక కారణం.

ముగింపు

కనుక 1991ని పూల పరిశ్రమకు ఆరంభంగా గాక, దానిలోని ఎగుమతి విభాగపు విస్తరణకు మలుపుగా గుర్తించడం సముచితం. విడిపూల రైతును, మాలలు కట్టేవారిని, మూరల లెక్కన అమ్మేవారిని విస్మరించిన పూల చరిత్ర పాలీహౌస్‌ల చరిత్రగానే మిగిలిపోతుంది.