టీ, కాఫీ: సూరత్ రేవు నుంచి మన గ్లాసు దాకా

టీని భారతీయులకు ఆంగ్లేయులు అలవాటు చేశారని చాలామంది అభ్యర్థులు ఒక్క వాక్యంలో రాసేస్తారు. అందులో నిజం సగమే. ఒక పానీయం దేశంలోకి రావడం, పంటగా పెరగడం, జనం అలవాటుగా మారడం మూడు వేర్వేరు దశలు. వీటిని విడదీసి చూస్తేనే టీ, కాఫీల దారులు ఎక్కడ చీలాయో తెలుస్తుంది.

1. రాక: సూరత్ ఆధారం

నేటి ఖటోదరా పారిశ్రామిక వాడకు కొద్ది దూరంలోనే, తాపీ నది మీద, మొఘలుల ప్రధాన రేవు ఉండేది. 1638లో సూరత్ వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో, ఇక్కడి ఆంగ్ల వర్తకుల రోజువారీ సమావేశాల్లో టీ తాగేవారని, స్థానికులూ డచ్చివారూ దాన్ని కడుపు శుద్ధి చేసే మందుగా వాడేవారని రాశాడు. పర్షియన్లు మాత్రం కాఫీ తాగుతారన్నాడు. 1689లో వచ్చిన ఓవింగ్టన్, సూరత్ బనియాలు మసాలా దినుసులు, పటికబెల్లం కలిపి టీ తాగడం గమనించాడు. అస్సాం తోటలకు నూటయాభై ఏళ్ల ముందే ఇక్కడ టీ ఉందన్నమాట. అయితే అది చైనా సరుకు, వర్తకుల పానీయం.

2. పంట

యెమెన్‌లోని మోఖా నుంచి బాబా బుడాన్ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని సంప్రదాయ కథనం. కాఫీ అలా దక్షిణాదిలో వేళ్లూనింది. టీ మాత్రం వలస పాలన పెట్టుబడి: 1823లో రాబర్ట్ బ్రూస్ అస్సాంలో టీ మొక్కలను గుర్తించాడు, 1839లో అస్సాం కంపెనీ ఏర్పడింది. ఒప్పంద కూలీల శ్రమతో పండిన ఆ టీ ప్రధానంగా ఎగుమతికే వెళ్లింది.

3. అలవాటు

అసలు మలుపు ఇక్కడే. 1903 టీ సెస్సు చట్టం ప్రచారానికి నిధులు సమకూర్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మిల్లుల్లో, గనుల్లో టీ దుకాణాలు వెలిశాయి. 1930ల మాంద్యంలో సరుకు మిగిలిపోవడంతో దేశీయ ప్రచారం ముమ్మరమైంది. స్వాతంత్ర్యానంతరం విస్తరించిన సీటీసీ పొడి తక్కువ ఆకుతో ఎక్కువ కప్పులు ఇచ్చింది. సూరత్ మరమగ్గాల షెడ్లలో పనిచేసే తెలంగాణ కార్మికుడికి నేడు విరామమంటే టీయే.

కాఫీకి ఆ అనుకూలత లేదు. గింజలు వేయించి, పొడి కొట్టి, వాసన పోకముందే వాడాలి. అందుకే అది పండే ప్రాంతానికి దగ్గరగా, దక్షిణాది ఇళ్లలో, హోటళ్లలో నిలిచింది. 1942 కాఫీ చట్టంతో అమ్మకం బోర్డు చేతికి వెళ్లింది. 1990ల సరళీకరణ వరకు రైతుకు స్వేచ్ఛగా అమ్ముకునే వీలు దాదాపు లేదు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు రావడం ఈ కథలో మన అధ్యాయం.

ముగింపు

ఆంగ్లేయులు టీని తెచ్చారు అనడం కన్నా, తోటగా మార్చి మార్కెట్‌గా విస్తరించారు అని రాయడం కచ్చితం. టీ, కాఫీల తేడాను రుచి ఒక్కటే నిర్ణయించలేదు. ధర, నిల్వ, ప్రచారం, కార్మికుడి విరామం కలిసి నిర్ణయించాయి.

సాధన ప్రశ్న: వలస పాలనలో తోట పంటల విస్తరణ భారతీయుల వినియోగ అలవాట్లను ఎలా మార్చింది? టీ, కాఫీల ఉదాహరణలతో చర్చించండి.