తెలంగాణ సాయుధ పోరాట పాట – తొలితరం గాయకులు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పరిశీలన

ఉపోద్ఘాతం

2022 మార్చి 19న మల్లు స్వరాజ్యం హైదరాబాదులో కన్నుమూశారు. సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన ఆమెను తెలుగు సమాజం సాయుధ దళ నాయకురాలిగా, తుంగతుర్తి నియోజకవర్గం నుండి 1978లోను 1983లోను ఎన్నికైన శాసనసభ్యురాలిగా గుర్తుంచుకున్నది. తుపాకి పట్టకముందు ఆమె పాట పట్టిందన్న విషయం అంతగా గుర్తుకు రాదు. వెట్టికి వ్యతిరేకంగా జనాన్ని కూడగట్టడానికి ఊరూరా తిరిగిన రోజుల్లో ఆమె ఉయ్యాల పాటలు కట్టి పాడేవారు. ఆమె మరణంతో 1940ల నాటి పోరాట పాటను స్వయంగా కట్టి, జనం మధ్య నిలబడి పాడిన తరం దాదాపుగా కనుమరుగైంది.

తెలంగాణ ప్రజల పాటకు ఆధునిక కాలంలో మూలపురుషులు, మూలస్త్రీలు ఈ తరం వారే. తరువాత వచ్చిన విప్లవ గేయానికి, ప్రత్యేక రాష్ట్రోద్యమ కాలపు ధూంధాం పాటకు బాణీని, భాషను, వేదికను సమకూర్చినవారు వీరే. అయినా సాహిత్యచరిత్రలో వీరి స్థానం సమంగా నమోదు కాలేదు. కొందరి పాట నిలిచి మనిషి మరుగున పడ్డాడు. కొందరి జీవితం గ్రంథస్థమై పాట చెదిరిపోయింది. ఈ అసమానతకు కారణాలను ముగ్గురు తొలితరం గాయకుల ఉదాహరణలతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చారిత్రక, భౌగోళిక నేపథ్యం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాకు చెందినవి. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మొదటి రెండూ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లగా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే మిగిలింది. పోరాటకాలంలో ఈ ప్రాంతమంతా ఒకే అలజడిని చూసింది. దేశ్‌ముఖుల భూస్వామ్యం, వెట్టిచాకిరి, బలవంతపు ధాన్యం లెవీ ఇక్కడి రైతును కుంగదీశాయి. సూర్యాపేట తాలూకాకు చెందిన జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షా యాభై వేల ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్ర గ్రంథంలో పేర్కొన్నారు. ఈ ఒక్క అంకె చాలు, నాటి పాటల్లో దొర ఎందుకు అంత పెద్ద రూపంలో కనిపిస్తాడో తెలియడానికి.

1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ 1944 భువనగిరి సమావేశం తరువాత పల్లెల్లో ‘సంగం’గా మారింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత ఉద్యమం కొత్త దశకు చేరింది. ఆ ఏడాది చివర పాత సూర్యాపేట, బాలెముల, మల్లారెడ్డిగూడెం వంటి గ్రామాలు సాయుధ బలగాల దాడులను ఎదుర్కొన్నాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసినా పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. ఈ అయిదేళ్ల కాలమే తొలితరం పాటకు పురిటిగడ్డ.

కోదాడ పక్కనున్న మునగాల పరగణా పరిస్థితి ప్రత్యేకమైనది. చుట్టూ నిజాం రాజ్యమే అయినా మునగాల బ్రిటిషు పాలనలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి అండగా నిలిచిన నాయని వెంకట రంగారావు ఈ పరగణాకే జమీందారు. తెలుగు భాషకు గూడు కట్టిన సంస్థానంలోనే 1930లలో రైతులు జమీందారీకి ఎదురు తిరిగారు. నిజాం చట్టాలు చెల్లని ఈ చిన్న భూభాగం ఆంధ్ర ప్రాంతపు రాజకీయ, సాంస్కృతిక గాలులు తెలంగాణలోకి వీచడానికి ఒక కిటికీ అయింది. 1943 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ప్రజానాట్యమండలి కోస్తా జిల్లాల్లో బుర్రకథను రాజకీయ కళారూపంగా మలచింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ అందులో అగ్రగణ్యుడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మాభూమి’ నాటకం 1947లో తెలంగాణ రైతు కథనే ఇతివృత్తంగా తీసుకుని, కోస్తా పల్లెల్లో విస్తృతంగా ప్రదర్శితమై, చివరకు నిషేధానికి గురయింది. తెలంగాణ పాటకు ఈ ఇరుగుపొరుగు స్పర్శ ఉన్నది. దాని వేరు మాత్రం స్థానిక జానపదంలోనే ఉన్నది.

బాణీల మూలం

తొలితరం గాయకులు కొత్త బాణీలను సృష్టించే పనికి పూనుకోలేదు. జనం నోట అప్పటికే ఉన్న బాణీలో కొత్త మాటను కూర్చారు. నాట్లు వేసేటప్పుడు, మోట తోలేటప్పుడు, విసురురాయి ముందు కూర్చున్నప్పుడు, బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు పాడే పాటలు వారికి ముడిసరుకు. దీనివల్ల రెండు ప్రయోజనాలు కలిగాయి. మొదటిది, చదువురాని శ్రోతకు కూడా ఒక్కసారి వినగానే పాట పట్టుబడేది. రెండవది, పాడేవారిని పోలీసు నిలదీస్తే అది పండుగ పాటగానో పని పాటగానో చెల్లిపోయే వీలుండేది. ‘ఉయ్యాలో’ అనే పల్లవి కింద వెట్టి గురించీ, దొర గడీలో స్త్రీల దుస్థితి గురించీ చెప్పడం ఈ వ్యూహంలో భాగమే.

కథారూపాలకూ ఇదే వర్తిస్తుంది. గొంగడి, కర్ర చేతబట్టి గొల్లలు చెప్పే సుద్దులలో ప్రశ్న, జవాబు, హాస్యం కలగలిసి ఉంటాయి. రాజకీయ వ్యాఖ్యానానికి ఇంతకన్నా అనువైన చట్రం దొరకదు. బుర్రకథలో కథకుని పక్కన నిలిచే వంతలలో ఒకరు హాస్యానికి, మరొకరు రాజకీయానికి కేటాయింపబడినట్లే, తెలంగాణలో గొల్లసుద్దులు ఆ బాధ్యతను స్వీకరించాయి.

యాదగిరి: పాట మిగిలిన మనిషి

‘బండెనక బండి కట్టి’ పాట తెలియని తెలుగువారు అరుదు. దాని కర్తగా పోరాటయోధుడు బండి యాదగిరి పేరు ప్రసిద్ధం. అయితే పాటకు దక్కిన వ్యాప్తిలో పదోవంతు కూడా కర్తకు దక్కలేదు. సాహిత్యచరిత్రల్లో అతని గురించి కనిపించేది సాధారణంగా ఒకటి రెండు వాక్యాలే.

ఈ పాట రెండవ జీవితం గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు నిర్మాతగా 1979లో రూపొందిన ‘మాభూమి’ చిత్రంతో మొదలయింది. కృషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా తీసిన ఆ చిత్రంలో గద్దర్ తెరమీద కనిపించి ఈ పాటను ఆలపించారు. అప్పటినుండి అది ప్రజల మనసులో గద్దర్ పాటగా స్థిరపడింది. 2023 ఆగస్టు 6న గద్దర్ మరణించినప్పుడు కూడా అందరికీ గుర్తుకొచ్చిన పాటల్లో ఇది ముందున్నది. ఇందులో గద్దర్ దోషం లేదు. ఆయన గొంతు లేకుంటే ఆ పాట మూడు తరాలు దాటి వచ్చేది కాదేమో. కాని పాడినవాని పేరు కట్టినవాని పేరును కప్పివేయడం మౌఖిక సంప్రదాయంలో సహజమైన పరిణామమే అయినా, పరిశోధకుడు దానిని సహజమని వదిలివేయడానికి వీలులేదు. జానపదమనే ముద్ర పడిన క్షణం నుండి కర్తను వెదకడం ఆగిపోతుంది. యాదగిరికి జరిగిన అన్యాయం ఇదే.

సుద్దాల హనుమంతు: పేరూ పాటా నిలిచిన సందర్భం

సుద్దాల హనుమంతు విషయంలో పరిస్థితి భిన్నం. నల్లగొండ జిల్లా పాలడుగులో పుట్టి, సుద్దాల గ్రామాన్ని ఇంటిపేరుగా మార్చుకున్న ఈ కవి హైదరాబాదులో చేస్తున్న ప్రభుత్వోద్యోగాన్ని వదలి ఉద్యమంలోకి వచ్చారు. గొల్లసుద్దులు, యక్షగానం వంటి రూపాలను ఉద్యమ ప్రచారానికి మలచినవారిలో ఆయన ముఖ్యుడు. ‘వీర తెలంగాణ’ యక్షగానం, ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట ఆయన రచనలు. పశువుల కాపరి బాలుని ఉద్దేశించి చెప్పిన ఆ పాటలో నినాదం వినిపించదు. ఆకలిగొన్న ఒక పసివాని ఒంటిని, బట్టను, పనిని చూపించడం ద్వారానే వ్యవస్థ మీద తీర్పు వెలువడుతుంది. అనంతర ప్రజాకవులకు ఆయన అందించిన పాఠం ఈ నిగ్రహమే. ఈ పాట కూడా ‘మాభూమి’ చిత్రం ద్వారానే విస్తృత శ్రోతకు చేరింది.

హనుమంతు 1982లో మరణించారు. ఆయన పేరు నిలవడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, ఆయన పాటలు సంకలనాలకు ఎక్కాయి. రెండు, జయధీర్ తిరుమలరావు వంటివారు రైతాంగ పోరాట ప్రజాసాహిత్యాన్ని విశ్వవిద్యాలయ పరిశోధనకు అంశంగా స్వీకరించారు. మూడు, కుమారుడు సుద్దాల అశోక్ తేజ చలనచిత్ర గీతరచయితగా ‘ఠాగూర్’ చిత్రానికి జాతీయ పురస్కారం పొంది, తండ్రి హనుమంతు, తల్లి జానకమ్మల పేరిట పురస్కారాన్ని నెలకొల్పారు. అచ్చు, విశ్వవిద్యాలయం, వారసుడు అనే ఈ మూడు ఆధారాలూ ఒకేచోట కలిసిరావడం అరుదు. అవి కలిసిరాని కవులకు కాలం ఏమి చేసిందో యాదగిరి ఉదాహరణ చెబుతుంది.

మల్లు స్వరాజ్యం: జీవితం నమోదైంది, పాట చెదిరింది

స్త్రీల విషయంలో సమస్య మరింత లోతైనది. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలను తొలిసారి ఒకచోట చేర్చింది. స్వరాజ్యం జీవితకథ తరువాత ‘నా మాటే తుపాకీ తూటా’ పేరిట 2019లో వెలువడింది. ఇలా ఆమె మాట గ్రంథస్థమైంది. పాట సంగతి వేరు. బతుకమ్మ ఆటలో ఒకరు చెప్పగా పదిమంది అందుకునే ఉయ్యాల పాటకు స్థిరపాఠం ఉండదు. ఊరు మారితే దొర పేరు మారుతుంది, సంఘటన మారుతుంది, చరణాలు పెరుగుతాయి. ఆ క్షణంలో అవసరమైనదాన్ని ఆ క్షణంలోనే కట్టడం స్వరాజ్యం వంటివారి ప్రతిభ. రాతలోకి వచ్చేసరికి మిగిలేది అందులో ఒకానొక పాఠం మాత్రమే. అంతేకాక, ఉద్యమ చరిత్రకారులు స్త్రీల పాటను ప్రచార సాధనంగా చూశారే తప్ప రచనగా చూడలేదు. అందువల్ల నల్లగొండ పల్లెల్లో ఉయ్యాల కట్టిన ఎందరో స్త్రీలు కవయిత్రుల జాబితాలో చేరలేదు.

ధ్వనిముద్రణ ప్రశ్న

ఇదే కాలంలో ప్రపంచంలో మరొకచోట పుట్టిన జనసంగీతంతో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. తెలంగాణ పోరాటం ముగిసిన మూడేళ్లకు, 1954లో, అమెరికాలోని మెంఫిస్ నగరపు సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ తొలి వాణిజ్య రికార్డు తయారయింది. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, జెర్రీ లీ లూయిస్ వంటి రాక్ అండ్ రోల్ తొలితరం గాయకులు ఆ దశకంలోనే వెలుగులోకి వచ్చారు. బెర్రీ 2017లో, రిచర్డ్ 2020లో, స్వరాజ్యం మరణించిన 2022లోనే లూయిస్ కన్నుమూశారు. ఆ సంగీతానికీ పొలం పనుల పాట, నల్లజాతీయుల కష్టాల పాట మూలాలే. అక్కడా అసలు కర్తలకు రావలసిన పేరు, సొమ్ము చాలాసార్లు ఇతరులకు పోయాయి. అయినా వారి గొంతులు రికార్డులలో ఉన్నాయి. తొలిసారి పాడినప్పటి ఊపును, ఉచ్చారణను, తాళాన్ని నేటి పరిశోధకుడు విని నిర్ణయించగలడు.

తెలంగాణ తొలితరానికి ఆ అవకాశం లేదు. తెలుగులో గ్రామఫోను అప్పటికే ఉన్నది. నాటక పద్యాలు, సినిమా పాటలు రికార్డులుగా ఇంటింటా మోగుతున్నాయి. కాని అజ్ఞాతంలో ఉన్న దళం పాటను, నిషిద్ధమైన సంగం పాటను ముద్రించే కంపెనీ ఉండదు. ఆ పాటకు మార్కెట్టు లేదు, దానికి శ్రోత అయిన రైతుకు గ్రామఫోను లేదు. ఫలితంగా 1940ల పాటను నేడు వింటున్నామంటే 1970ల తరువాతి గొంతులోనే వింటున్నాం. పాఠం పాతది, బాణీలో మాత్రం తరువాతి తరాల చేయి ఉన్నది. ఈ తేడాను గుర్తించకుండా పోరాటకాలపు గేయశైలిని గురించి తీర్పులు చెప్పడం శాస్త్రీయం కాదు.

మారిన నేల, మారిన పాట

గాయకులతో పాటు పాట పుట్టే సందర్భాలు కూడా తగ్గిపోయాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుపడింది. రైతు బతుకులో ఇది మేలైన మార్పే. దానితో పాటే మోట పోయి మోట పాట పోయింది. మిల్లు వచ్చి దంపుడు పాట పోయింది. ఎడ్లబండి స్థానంలో ట్రాక్టరు వచ్చాక యాదగిరి పాటలోని బండ్ల వరుస నేటి విద్యార్థికి వివరించి చెప్పవలసిన దృశ్యమైంది. ప్రతి ఏటా తప్పక తిరిగి వచ్చే బతుకమ్మ ఒక్కటే ఉయ్యాల బాణీని సజీవంగా నిలిపింది. ప్రత్యేక రాష్ట్రోద్యమంలో ఆ బాణీయే తిరిగి రాజకీయ గొంతుక అయిందంటే, తొలితరం ఎంచుకున్న రూపం ఎంత దృఢమైనదో అర్థమవుతుంది.

ముగింపు

పై మూడు ఉదాహరణలను కలిపి చూస్తే తొలితరం పోరాట గాయకుల స్మృతి వారి ప్రతిభను బట్టి నిలవలేదని తేలుతుంది. అచ్చు, చిత్రం, వారసులు, పరిశోధన అనే ఆధారాలలో ఏది ఎవరికి దక్కిందన్నదాన్ని బట్టి అది నిలిచింది. యాదగిరికి చిత్రం దక్కింది, చరిత్ర దక్కలేదు. హనుమంతుకు దాదాపు అన్నీ దక్కాయి. స్వరాజ్యానికి జీవితచరిత్ర దక్కింది, గాయనిగా గుర్తింపు దక్కలేదు.

తొలితరం వెళ్లిపోయినా వారి పాటను ప్రత్యక్షంగా విని నేర్చుకున్న రెండవ తరం ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెల్లో ఇంకా ఉన్నది. వారివద్ద ఉన్న పాఠాంతరాలను ఊరు, పాడినవారు, నేర్పినవారు అనే వివరాలతో సేకరించడం, బాణీని ధ్వనిరూపంలో భద్రపరచడం, ‘జానపదం’ అన్న ముద్ర వేసేముందు కర్తృత్వాన్ని విచారించడం తెలుగు శాఖలు తక్షణం చేపట్టవలసిన పనులు. విగ్రహాలు, వర్ధంతి సభలు గాయకుని గౌరవిస్తాయి. ఆ గాయకుడు కట్టిన పాటను అతని పేరుతోనే తరువాతి తరానికి అప్పగించడం పరిశోధనకు మాత్రమే సాధ్యమైన నివాళి. రెండవ తరం కూడా వెళ్లిపోయిన తరువాత ఆ అవకాశం మిగలదు.