విశేషణలోపము: ఇరువదియొకటవ యధికరణము, తెలుఁగు న్యాయవేత్తలు

లక్షణవాక్యమున నొక్క విశేషణము లోపించినచో నతివ్యాప్తిదోషము పట్టునని తార్కికులు చెప్పుదురు. 'కొమ్ములు గలది యావు' అన్నచో గేదెయు నావగును. శాస్త్రమున నిట్టి లోపమువలనఁ గలుగు నష్టము వాదభంగము మాత్రమే. దేశమును బాలించు శాసనవాక్యమున నట్టి లోపము గలిగెనేని దాని ఫలము మనుష్యుల ప్రాణములమీఁదను, చెఱసాలల తలుపులమీఁదను బడును. భారతరాజ్యాంగమునందలి ఇరువదియొకటవ యధికరణమునుండి యొక విశేషణము తొలఁగింపఁబడినది. అది యేల తొలఁగెను, తొలఁగిన పిదప నేమి జరిగెను, దాని యర్థమును మరలఁ దెచ్చుటకై తెలుఁగుదేశపు న్యాయవేత్తలు పడిన పాటెట్టిది యనునవి యిందు విచారింపఁబడును. తొలఁగింపునందును, పునరుద్ధరణమునందును గూడ నెల్లూరుమండలపువారి పాత్ర గలదు.

తూర్పునఁ బెన్నానదీతీరపు మాగాణులును, పడమటను ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతములందలి మెట్టభూములును గల యీ మండలమున, పుదూరు గ్రామమందు, 1883 మే 14న అల్లాడి కృష్ణస్వామయ్యరు జనించిరి. తండ్రి ఏకామ్రశాస్త్రి పౌరోహిత్యమున జీవించిన వైదికుఁడు. కుమారుఁడు చెన్నపట్టణమున క్రైస్తవకళాశాలలోఁ జదివి, న్యాయవాదియై, 1929 మొదలు 1944 వఱకు మదరాసు రాజధానికి అడ్వకేటు జనరలుగా నుండిరి. 1947 ఆగష్టు 29న అంబేద్కరు మున్నగువారితో నేర్పడిన రాజ్యాంగముసాయిదా సంఘమున వీరును సభ్యులైరి. అంతకు ముందే, ఆ సంవత్సరము ఫిబ్రవరిలోఁ గూడిన ప్రాథమికహక్కుల యుపసంఘమునను వీరు గలరు. న్యాయస్థానమున సాధింపఁదగిన హక్కులు వేఱు, ప్రభుత్వమునకు మార్గదర్శకములు మాత్రమైన నియమములు వేఱు అని విభజించి చూపిన వారిలో వీరు ముఖ్యులు.

ఆ యుపసంఘమున వీరితోఁ గూర్చున్న వారిలో హంసామెహతా యొకరు. ఆమె యదే కాలమున ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘమునందును భారతప్రతినిధిగా నుండెను. సమస్తజాతులకు నొక ప్రకటనము వ్రాయుచున్న యా సంఘమున మొదటి యధికరణము 'ఆల్ మెన్' అని ప్రారంభమయ్యెను. పురుషవాచకమున స్త్రీలును జేరుదురని కొందఱు సమాధానము చెప్పిరి. ఇది వైయాకరణులకుఁ గ్రొత్తమాట కాదు. స్త్రీపురుషులను గలిపి చెప్పునపుడు పుంలింగము శేషించి స్త్రీలింగము లోపించునని పాణిని యేకశేషప్రకరణమున విధించెను. లోపించిన పదమున కర్థము మిగులుననుట శాస్త్రసమ్మతమే. కాని శాసనమును జదువువాఁడు శాస్త్రజ్ఞుఁడే కానక్కఱలేదు. తనకు లాభము గలిగినచోట లోపించిన పదము నెన్నఁడును లేనిదిగాఁ జదువును. హంసామెహతా దీనిని గ్రహించి పట్టుపట్టఁగా 'మానవులందఱు' అను నర్థము గల పదమే ప్రకటనమునకు సిద్ధించెను. ఒక పదముకొఱకుఁ జేసిన యీ పోరాటమును స్మరణయం దుంచుకొని తరువాతికథను బరికింపవలెను.

1947లో భారతదేశపు ప్రాథమికహక్కుల తొలిపాఠమున, 'డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా' లేక యెవ్వని ప్రాణమును గాని స్వాతంత్ర్యమును గాని హరింపఁగూడదని యుండెను. ఇది యమెరికారాజ్యాంగమునుండి గ్రహింపఁబడిన మాట. 'ప్రాసెస్' అనఁగా విధానము. 'డ్యూ' అను విశేషణమునకు న్యాయ్యమైనది, తగినది యని యర్థము. శాసనసభ చేసిన విధానము న్యాయ్యమా కాదా యని విచారించు నధికార మీ విశేషణమువలననే న్యాయాధిపతులకుఁ గలుగును. ఆ సంవత్సరాంతమున రాజ్యాంగసలహాదారు బెనగళ నరసింహరావు అమెరికాకుఁ బోయి, అచ్చటి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టరును గలిసి, యీ పదమువలని చిక్కులను విని వచ్చెను. పిమ్మట ముసాయిదా సంఘము దానిని విడిచి, 1946 నాఁటి జపాను రాజ్యాంగమున ముప్పదియొకటవ యధికరణము ననుసరించి, 'చట్టముచే నేర్పఱుపఁబడిన విధానము' అను పదమును గైకొనెను. అల్లాడివా రీ మార్పునకు సమ్మతించి, సభలో దానిని సమర్థించిరి.

వారి హేతువులు తేలికగాఁ ద్రోసివేయఁదగినవి కావు. అమెరికా న్యాయస్థానము లీ విశేషణమునే యాధారముగాఁ గొని, కూలివారి పనిగంటలను దగ్గించు చట్టములను గొట్టివేసియుండెను. 1905 నాఁటి లాక్నరు వ్యాజ్య మిందుకుఁ బ్రసిద్ధోదాహరణము. మదరాసు శాసనసభ 1948లో జమీందారీలను రద్దు చేయుచుండెను. వేంకటగిరివంటి పెద్ద సంస్థానము గల నెల్లూరుమండలమువారి కీ చట్టముయొక్క ప్రయోజన మెట్టిదో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. ప్రజలెన్నుకొన్న శాసనసభ చేయు సంస్కారమును న్యాయమూర్తు లైదుగురో యార్గురో తమ యభిరుచి ననుసరించి యడ్డగింపరాదని యల్లాడివారి యాశయము. జమీందారు నదుపున నుంచుటకై తీసిన విశేషణమే, బందీనిఁ గాపాడుటకును గావలసినదని యప్పుడు వారు తగినంతగా నెంచలేదు.

కాలమిట్లు కూడివచ్చుట గమనింపఁదగినది. ఈ యధికరణము (నాఁటి ముసాయిదాలోఁ బదునేనవది) రాజ్యాంగసభలో 1948 డిసెంబరు 6న చర్చకు వచ్చెను. విశేషణమును మరలఁ జేర్పవలెనని కాజీ సయ్యదు కరీముద్దీను సవరణము తెచ్చెను. డిసెంబరు 13న ఆ సవరణము వీగిపోయెను. ఈ రెండు దినముల నడుమ, డిసెంబరు 10న, పారిసునగరమున ఐక్యరాజ్యసమితి మానవహక్కుల విశ్వప్రకటనమును 48 సమ్మతులతో నంగీకరించెను. ఎనిమిది దేశములు తటస్థముగా నుండెను, వ్యతిరేకించిన దేశ మొక్కటియు లేదు. ఆ ప్రకటనమున మూఁడవ యధికరణము ప్రాణస్వాతంత్ర్యములను జెప్పును. తొమ్మిదవది నిర్హేతుకమైన నిర్బంధమును నిషేధించును. పారిసున 'నిర్హేతుకము' అను విశేషణము చేరిన వారమందే, ఢిల్లీలో 'న్యాయ్యము' అను విశేషణము తొలఁగెను. అంబేద్కరు 1949 సెప్టెంబరులో వేఱొక యధికరణమును దెచ్చి యా లోటును గొంత పూరించెను. పట్టుకొన్న కారణమును దెలుపుట, న్యాయవాదిని సంప్రదించుట, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుటఁ బెట్టుట యనునవి యిప్పటి యిరువదిరెండవ యధికరణమున నున్నవి. కాని నివారకనిర్బంధమున నున్నవారి కీ రక్షణములు చెల్లవని యందే వ్రాయఁబడెను.

లోపఫలము వెంటనే కానవచ్చెను. మదరాసు ప్రభుత్వము నిర్బంధించిన ఎ. కె. గోపాలను వ్యాజ్యమున 1950 మే 19న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. శాసనసభ చేసిన దేదైనను 'చట్టము'. అది చెప్పిన దేదైనను 'విధానము'. న్యాయ్య మను పదము రాజ్యాంగకర్తలు బుద్ధిపూర్వకముగా విడిచినది గావున నధ్యాహారము చేయరాదని యధికసంఖ్యాకులు నిర్ణయించిరి. ఒక్కొక్క యధికరణము తనంతఁ దానె సంపూర్ణమనియు, నొకదాని మాట మఱియొకదానికి రాదనియు వారి మతము. ఫజలలీ మాత్రము భిన్నాభిప్రాయము వ్రాసెను.

ఈ మతమునకు బీటలు పుట్టించిన వారిలో నగ్రగణ్యులు రాజమహేంద్రవరపు కోకా సుబ్బారావు. ఖరక్‌సింగు వ్యాజ్యమున (1962 డిసెంబరు 18) విషయ మిది: బందిపోటు నేరమున సాక్ష్యము లేక విడుదలయైన యొకనియింటి తలుపును పోలీసులు రాత్రివేళలఁ దట్టుచు, వాని రాకపోకలను గనిపెట్టుచుండిరి. అధికసంఖ్యాకులు రాత్రి తలుపుతట్టుటను మాత్రము తప్పనిరి. సుబ్బారావు షాగారితోఁ గూడి, యా నిఘా నియమమంతయుఁ జెల్లదనియు, స్వాతంత్ర్య మనఁగా శరీరము కదలుట మాత్రమే కాదు, మనుష్యుని యేకాంతమును అందే చేరుననియు వ్రాసెను. ప్రధానన్యాయమూర్తిగాఁ బదవి వదలుటకు ముందుదినము, 1967 ఏప్రిలు 10న, విదేశయానమును స్వాతంత్ర్యమున భాగమే యని తీర్పు చెప్పెను. 1962 నాఁటి యాయన భిన్నాభిప్రాయమును 2017 ఆగష్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమునఁ దొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము సిద్ధాంతముగా నంగీకరించెను. ఒకని యభిప్రాయము సిద్ధాంతమగుట కేఁబదియయిదేండ్లు పట్టెను.

నడుమ నత్యయికస్థితి వచ్చెను. 1976 ఏప్రిలు 28న జబల్పూరు వ్యాజ్యమున, నిర్బంధితుఁడు న్యాయస్థానపు తలుపు తట్టుటకు సైతము హక్కు లేదని నలుగురు చెప్పఁగా, ఖన్నా యొక్కఁడు కాదనెను. 1948 నాఁటి విశ్వప్రకటనమును బేర్కొని, శాసనమునకు రెండర్థములు పొసఁగినచోట దానికి విరోధింపని యర్థమునే గ్రహింపవలెననెను. రెండేండ్లలోపల, 1978 జనవరి 25న, మేనకాగాంధి వ్యాజ్యమున గోపాలనుమతము తలక్రిందయ్యెను. పదునాలుగు, పందొమ్మిది, ఇరువదియొకటవ యధికరణములు వేర్వేఱు కావనియు, మొదటివానియందలి న్యాయ్యతాభావము మూఁడవదానికిని వచ్చుననియు ధర్మాసనము చెప్పెను. దీనిని వైయాకరణులు 'అనువృత్తి' యందురు. పూర్వసూత్రపదము పరసూత్రమున వ్రాయఁబడకయే వచ్చి యర్థము నిచ్చును. అధ్యాహారమునకు బయటినుండి పదము తేవలెను, అనువృత్తికిఁ గ్రంథమునందలి పదమే చాలును. గోపాలను కాలమువా రధ్యాహారము కూడదన్న మాట సత్యమే. అనువృత్తి కలదని చూడకపోవుటయే వారి లోపము. 1948లో ద్వారమునఁ దొలఁగించిన విశేషణము, త్రిదశకములకు శాస్త్రసమ్మతమైన మార్గముననే గృహప్రవేశము చేసెను.

కాని తీర్పునఁ బ్రవేశించిన విశేషణము తెలుఁగుపల్లెలకుఁ జేరలేదు. 1970 తరువాతి దశకములలోఁ దెలుఁగుదేశమున 'ఎదురుకాల్పులలో మరణించెను' అను వాక్యము తఱచయ్యెను. అచ్చట 'విధాన' మను విశేష్యమే లేనపుడు దానికి న్యాయ్యవిశేషణ మెక్కడిది? ఈ ప్రశ్నను న్యాయస్థానములకుఁ గొనిపోయిన వారిలో కె. జి. కన్నాభిరాను ముఖ్యుఁడు. ఆతఁడు 1929లో మధురలోఁ బుట్టి, నెల్లూరునఁ బెరిగి, హైదరాబాదున న్యాయవాదియై, 1978 మొదలు 1994 వఱకు ఆంధ్రప్రదేశ పౌరహక్కుల సంఘమున కధ్యక్షుఁడుగా నుండెను. 2010 డిసెంబరు 30న మరణించెను. గణితాచార్యుఁడై, పిదప న్యాయవాదియైన కె. బాలగోపాలు (1952–2009) ఆ సంఘమునకుఁ జాలకాలము కార్యదర్శి. ప్రభుత్వహింసను బ్రశ్నించిన నోరే విప్లవకారుల హింసను సైతము ప్రశ్నింపవలెనని వాదించి, 1998లో మానవహక్కుల వేదికను స్థాపించెను. ఆ సంఘపు టుపాధ్యక్షుఁడు, శిశువైద్యుఁడు రామనాథము 1985 సెప్టెంబరు 3న వరంగల్లునఁ గాల్చి చంపఁబడెను. విశేషణచర్చ యనఁగా గ్రంథశాలలోని వినోదము కాదని దీనివలనఁ దెలియును.

ఈ సంఘము తెచ్చిన ఫిర్యాదును విచారించి జాతీయ మానవహక్కుల సంఘము 1996 నవంబరు 5న నొక యుత్తరువు వ్రాసెను. ఆత్మరక్షణకై చంపితిమని పోలీసులు చెప్పినంతమాత్రమునఁ జాలదు, దర్యాప్తు జరుగవలె నని దాని సారము. 1997 మార్చి 29న నా సంఘాధ్యక్షుఁడు వేంకటాచలయ్య యీ పద్ధతినే యన్ని రాష్ట్రముల ముఖ్యమంత్రులకు వ్రాసి పంపెను. తెలుఁగుదేశపు మరణములనుండి పుట్టిన నియమము దేశమునకెల్ల నియమమయ్యెను. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ హైకోర్టునం దైదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ప్రతిమరణమునకుఁ గేసు నమోదు కావలెననెను. అది యమలునకు రాకుండ సుప్రీంకోర్టు నిలిపెను; పిదప 2014 సెప్టెంబరు 23న పదునాఱు నియమముల నదియే విధించెను.

ఇంతలోఁ బౌర, రాజకీయహక్కుల యంతర్జాతీయ యొడంబడిక (1966) యందు భారతదేశము 1979 ఏప్రిలు 10న జేరెను. 'నిర్హేతుకముగా' నెవ్వని ప్రాణమును హరింపరాదని దాని యాఱవ యధికరణము. నివారకనిర్బంధము విషయమున మాత్రము మన ప్రభుత్వము తన రాజ్యాంగమునకు లోఁబడియే దానిని గైకొందునని ముందుగానే తెలియఁజేసెను. సభలో విడిచిన విశేషణము విదేశపత్రమునఁ దిరిగి వచ్చినను, దానికిఁ దలుపు సగమే తెఱవఁబడెను.

అల్లాడివారు 1953 అక్టోబరు 3న గతించిరి గాన నీ పరిణామమును జూడలేదు. వారిని నిందించుట యనుచితము. శాసనసభను నమ్మి విశేషణమును విడిచిన వారు, ఆ నమ్మకమునకు హేతువు లేకపోలేదు. కాని శాసనవాక్యమును బరీక్షించుటకు దానిని వ్రాసిన వారి సౌజన్యము ప్రమాణము కాదు. అది యెవరి చేతఁ బడునో వారి దౌర్జన్యమే ప్రమాణము. వరికుంటపాటి మెట్టపల్లెలో నొక కూలివాని నర్ధరాత్రమునఁ బట్టుకొనిపోయినపుడు, వానిని గాపాడునది యే యధికరణసంఖ్యయుఁ గాదు. ఏ కారణమునఁ బట్టితిరి, ఎచ్చట నుంచితిరి, ఇరువదినాలుగు గంటలు గడిచెనా యని మఱునాఁ డడుగువాఁ డొకఁ డుండవలెను. విశేషణమును గ్రంథమున నిలుపుట పండితుల పని; దానిని ఠాణా గడపయొద్ద నుచ్చరించుట పౌరుల పని. రెండవది లేనిచో మొదటిది వ్యర్థము.