నేరనిర్ణయము, వృత్తి: పటియాలా నుండి సూరత్ వరకు

తపతీనది ఒడ్డున ఉన్న సూరత్ నగరము పేరు వినగానే చరిత్ర చదివినవారికి మొగలాయీల నాటి ఓడరేవు, ఆంగ్ల వర్తకుల కోఠీ, 1907లో కాంగ్రెసు మహాసభను రెండుగా చీల్చిన కోలాహలము జ్ఞప్తికి వచ్చును. 2023 వసంతకాలమున ఆ నగరపు న్యాయస్థానము ముందుకు వచ్చిన ఒక ప్రశ్నకు అంతటి రంగు లేదు. అయినను వృత్తిచేత జీవించు ప్రతి మనుష్యునికి అది సంబంధించినదే. కోర్టు ఒకనిని నేరస్థుడని నిర్ణయించి శిక్ష వేసినది. అతడు అప్పీలు చేసుకొన్నాడు. జామీను దొరికినది, జైలు తప్పినది. కాని నేరస్థుడన్న నిర్ణయము మాత్రము అట్లే నిలిచి ఉన్నది, దానివలన అతని పదవి పోయినది. రేపు అప్పీలులో నిర్దోషి అని తేలినయెడల పోయిన కాలమును ఎవరు తిరిగి ఇత్తురు? కాబట్టి శిక్షను నిలిపినట్లే నిర్ణయమును కూడ నిలుపవలెనా?

సూరత్‌లో ఈ ప్రశ్న అడిగినది ఒక రాజకీయ నాయకుడు. అంతకు పదహారేండ్లకు పూర్వము ఇదే ప్రశ్నను సుప్రీంకోర్టు ఒక క్రికెట్ ఆటగాని విషయములో విచారించినది. ఆ ఆటగాడు నవజ్యోత్ సింగ్ సిద్ధూ. ఆయన కథ తెలియనిదే సూరత్ తీర్పులోని చిక్కు బోధపడదు.

1988 డిసెంబరు 27న పటియాలాలో, నడివీథిలో, తోవ విషయమై తగవు పుట్టినది. సిద్ధూ, ఆయన మిత్రుడు ఒక వైపు; కారులో పోవుచున్న 65 ఏండ్ల వృద్ధుడు మరొక వైపు. తగవు దెబ్బలకు దిగినది. వృద్ధుడు మరణించినాడు. అప్పటికి సిద్ధూ వయస్సు 25. 1983లో అహమ్మదాబాదులో వెస్టిండీసుపై మొదటి టెస్టు ఆడి, ఆ వెనుక కొంతకాలము మరుగున పడి, 1987 ప్రపంచకప్పులో వరుసగా అర్ధశతకములు కొట్టి పేరు నిలుపుకొన్నవాడు.

కేసు నడిచినది, ఆట కూడ నడిచినది. ఈ రెండును ఒకదానినొకటి తాకక దశాబ్దముపాటు పక్కపక్కన సాగిన తీరు ఆశ్చర్యకరముగ ఉన్నది. 1989లో కింగ్‌స్టన్ టెస్టులో శతకము. ఆ సంవత్సరమే సియాల్‌కోట్‌లో, పదునారేండ్ల తెండూల్కర్ ముక్కు పగిలి నెత్తురు కారుచున్నను ఆడిన ఆ రోజున, రెండవ కొసను నిలిచి 97 పరుగులు. 1994లో లక్నోలో శ్రీలంకపై ఎనిమిది సిక్సర్లతో 124. 1997లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పదకొండు గంటలకు పైగా క్రీజులో నిలిచి 201. మొత్తము 51 టెస్టులు, 3202 పరుగులు, 9 శతకములు. పటియాలా సెషన్సు కోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టినది 1999 సెప్టెంబరులో. ఆయన ఆట నుండి విరమించినది ఆ డిసెంబరులో. బ్యాటు పట్టిన చేతిమీద న్యాయస్థానపు నీడ పడవలసిన కాలమంతయు విచారణలోనే గడచిపోయినది. ఆటగాని శరీరమునకు ఉన్న ఆయుర్దాయము పదునైదేండ్లు. మన కోర్టులలో ఒక కేసుకు ఉన్న ఆయుర్దాయము అంతకు రెట్టింపు. ఇది సిద్ధూకు కలిసివచ్చిన సంగతి. మృతుని కుటుంబమునకు కలిసివచ్చినదని ఎవరును అనజాలరు.

దీనికి సరిగా ఎదురైన ఉదాహరణ తెలుగువారి నడుమనే ఉన్నది. హైదరాబాదు వాడైన మహమ్మద్ అజహరుద్దీన్‌ను ఏ క్రిమినల్ కోర్టును నేరస్థుడని నిర్ణయించలేదు. పందెగాళ్లతో చేతులు కలిపినాడన్న ఆరోపణపై 2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు ఆయనను జీవితాంతము నిషేధించినది. ఆ మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికాపై శతకము కొట్టి ముగించిన టెస్టు ఆయనకు 99వది. నూరవది రానే లేదు. ఆ నిషేధము చట్టమునకు నిలువదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరులో చెప్పినది. అప్పటికి ఆయనకు 49 ఏండ్లు. ఆ మణికట్టు ఆటను చూచినవారికి ఆ తీర్పు ఏమి తిరిగి ఇచ్చినట్లు? ఆరోపణ నిజమా కాదా అనునది ఇక్కడి విషయము కాదు. కోర్టు నిర్ణయము లేకుండనే ఒకని ఆట ముగిసినది. హత్యాభియోగమును ఎదుర్కొనుచున్న మరొకని ఆట ఏ ఆటంకమును లేక సాగినది. ఆటగాని బ్రతుకుతెరువును తీసివేయగలది కోర్టు కాదు, జట్టును ఎంచు సంస్థయే అని దీనివలన తెలియుచున్నది. ఆంగ్లదేశములో 2011లో జైలుకు పోయిన పాకిస్తాన్ బౌలరు మహమ్మద్ ఆమిర్‌కు కోర్టు వేసినది ఆరు నెలలు. ఆటనుండి దూరము చేసినది ఐదేండ్ల నిషేధము.

సిద్ధూ విషయములో కోర్టు చేయి ఆయన రెండవ వృత్తిని తాకినది. 2004లో అమృతసర్ నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. 2006 డిసెంబరులో పంజాబు-హర్యానా హైకోర్టు కింది కోర్టు తీర్పును తిరగవేసి, హత్య కిందికి రాని నరహత్యకు ఆయనను బాధ్యునిగ నిర్ణయించి మూడేండ్ల శిక్ష వేసినది. అప్పటి చట్టము ప్రకారము సభలో ఉన్న సభ్యుడు మూడు నెలలలోగా అప్పీలు చేసుకొన్నచో పదవికి భంగము లేదు. సిద్ధూ ఆ రక్షణను వాడుకొనలేదు, రాజీనామా ఇచ్చినారు. సుప్రీంకోర్టుకు పోయి ఆయన అడిగినది మరొకటి: మరల ఎన్నికలలో నిలువవలెనన్నచో నేరనిర్ణయమే అడ్డు, దానిని నిలుపుడని. 2007 జనవరిలో కోర్టు ఒప్పుకొన్నది. ఇట్టి అధికారమును అరుదుగ మాత్రమే వాడవలెనని హెచ్చరించుచునే, పదవిని పట్టుకొని వ్రేలాడక విడిచినాడన్న సంగతిని ఆయన పక్షమున లెక్కించినది. ఫిబ్రవరిలో ఉపఎన్నిక, ఆయనే గెలిచినారు.

ఇక్కడితో కథ ముగిసియుండిన అది న్యాయశాస్త్ర విద్యార్థులకు మాత్రమే పనికివచ్చెడిది. 2018 మేలో సుప్రీంకోర్టు అప్పీలును పూర్తిగా విచారించి, నరహత్య రుజువు కాలేదని, గాయపరచిన నేరము మాత్రమే రుజువైనదని తేల్చి వెయ్యి రూపాయల జరిమానా వేసినది. అప్పుడు సిద్ధూ పంజాబులో మంత్రి. ఒక ప్రాణము పోయిన తగవుకు వెయ్యి రూపాయలు! మృతుని కుటుంబము పునస్సమీక్ష కోరినది. 2022 మే 19న ఆ కోర్టే తన శిక్షను తాను దిద్దుకొన్నది. దిద్దుకొనుటకు చూపిన కారణము గమనింపదగినది. మల్లయోధుడో, ముష్టియోధుడో, క్రికెట్ ఆటగాడో, మిక్కిలి దేహదారుఢ్యము కలవాడో కొట్టినప్పుడు వట్టి చేయి కూడ ఆయుధమే కాగలదని, ఆ దెబ్బ తిన్నది తనకంటె రెట్టింపు వయస్సు దాటినవాడని, శిక్ష నిర్ణయించునప్పుడు ఈ సంగతి విస్మరింపబడినదని కోర్టు భావించినది. ఆ నేరమునకు చట్టములో ఉన్న గరిష్ఠశిక్ష, ఒక ఏడాది కఠిన కారాగారము, విధించినది.

ముప్పది మూడేండ్ల పాటు కేసును తాకని ఆట చివరకు తీర్పులో ఈ రూపమున ప్రవేశించినది. 2007లో ఆయన వృత్తి, ప్రజాజీవితము ఆయనకు కవచమైనవి. 2022లో ఆయన తొలి వృత్తి ఆయనపై సాక్ష్యమైనది. ఏ సాధన ఆ దేహమును పదకొండు గంటలు నిలుపగలిగినదో, ఆ సాధనయే దెబ్బ బరువును పెంచినది. ఏడాది శిక్ష కావున ఎన్నికల చట్టము ప్రకారము అనర్హత రాలేదు. అనర్హతకు రెండేండ్లు కావలెను. కాని జైలు తప్పలేదు.

సిద్ధూ పటియాలా జైలు నుండి విడుదలైనది 2023 ఏప్రిలు 1న. అంతకు తొమ్మిది దినములు ముందు, మార్చి 23న, సూరత్ మేజిస్ట్రేటు కోర్టు రాహుల్ గాంధీని పరువునష్టము కేసులో నేరస్థునిగ నిర్ణయించినది. 2019 ఏప్రిలులో కోలారు ఎన్నికల సభలో మోదీ అను ఇంటిపేరును గురించి ఆడిన మాటపై సూరత్ శాసనసభ్యుడొకడు తెచ్చిన కేసు అది. శిక్ష రెండేండ్లు: ఆ నేరమునకు గరిష్ఠము, అనర్హతకు కనిష్ఠము. సిద్ధూకు 2006లో లభించిన మూడు నెలల గడువును సుప్రీంకోర్టు 2013లోనే కొట్టివేసి ఉండినది. కాబట్టి మరునాడే లోక్‌సభ సభ్యత్వము పోయినది. రాజీనామా ఇచ్చి గౌరవము దక్కించుకొను అవకాశము కూడ ఇప్పుడు లేదు.

ఏప్రిలు 20న సూరత్ సెషన్సు కోర్టు నిర్ణయమును నిలుపుటకు నిరాకరించినది. సభ్యత్వము పోవుట పూడ్చరాని నష్టము కాదన్నది. పార్లమెంటు సభ్యుడు, ఒక పెద్ద పక్షమునకు అధ్యక్షుడుగా ఉండినవాడు మాటలలో మరింత జాగ్రత్త వహింపవలసినదన్నది. ఇక్కడ పటియాలా ఛాయ స్పష్టముగ కనబడుచున్నది. ఆటగాని చేయి సామాన్యుని చేయి కాదు. నాయకుని నాలుక సామాన్యుని నాలుక కాదు. వృత్తిచేత వచ్చిన బలము శిక్షను పెంచు తక్కెడలోనే పడినది. రెండవ తక్కెడలో, ఆ వృత్తి పోవుటవలని నష్టమును తూచు చోట, దానికి బరువు లేదనినారు. జూలై 7న గుజరాతు హైకోర్టు కూడ అట్లే అన్నది.

ఆగస్టు 4న సుప్రీంకోర్టు వేరుగ చూచినది. గరిష్ఠశిక్ష వేయుటకు కింది కోర్టు కారణము చెప్పలేదనినది. ఒక్క దినము తగ్గించి ఉన్నచో అనర్హతయే వచ్చెడిది కాదని, ఆ నష్టము సభ్యునితో ఆగక ఓటు వేసిన వయనాడు ప్రజలకును తగులుచున్నదని గుర్తించినది. అట్టి మాటలు మంచి అభిరుచితో పలికినవి కావని కూడ అన్నది. పటియాలా కేసులో గరిష్ఠశిక్షను కారణము చెప్పి విధించిన కోర్టే, సూరత్ కేసులో కారణము చెప్పని గరిష్ఠశిక్షకు అడ్డు తగిలినది. ఆగస్టు 7న సభ్యత్వము తిరిగి వచ్చినది. నేరనిర్ణయము నిలుపుదల అయినదేగాని రద్దు కాలేదు. అప్పీలు సూరత్ సెషన్సు కోర్టు విచారణకే మిగిలినది.